నాలుగున్నర నిమిషాల నీళ్ల కావడి

మిలిటరీలో మూడేళ్లు పనిచేసి ఒక్క గుండు కూడా పేల్చని వాణ్ణి నేను. నా పని నీళ్లు. వాగులో నీళ్లు తోడించి, గుడ్డ తొట్లలో పోయించి, బ్లీచింగు పౌడరు కలిపి, అరగంట ఆగి, గాజు గొట్టంలో రంగు చూసి, పుస్తకంలో రాసుకోవడం. యుద్ధం అయిపోగానే ఒక కాగితం చేతికిచ్చి నన్ను రిటైర్ చేశారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఇప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాల్లో బావుల పని చూసే ఓవర్సీరుని. మీలో చాలామంది నాలాగే మద్రాసులో రెండేళ్లు చదివి, ఒక స్కేలూ ఒక పెన్సిలూ పట్టుకుని ఈ కర్నూలు జిల్లా తూర్పు కొసకు ఉద్యోగానికి వస్తున్నారు. మీకోసమే ఇది రాస్తున్నాను. ధైర్యం గురించి చెప్పమని మీరు అడిగారు. చెబుతాను. కానీ ఆ ధైర్యంలో నా పొరపాటు ఎంత ఉందో కూడా చెప్పకపోతే లెక్క సరిపోదు.

బర్మా సరిహద్దులో మా దళానికి సప్లై హవల్దారు ఒకాయన ఉండేవాడు. పిండి, బియ్యం, తూటాల పెట్టెలు, నీళ్లు, అన్నీ ముందు వరుసకు చేర్చడం ఆయన బాధ్యత. నాకంటే పదేళ్లు పెద్ద. కంభం దాటి గిద్దలూరు పోయే దారిలో అడవి అంచు పల్లె ఆయనది. మేకలు కాసుకునే ఇల్లు. చిన్నప్పుడు కరువు పనుల్లో రోడ్డు కూలీలకు కావడితో నీళ్లు మోశాడట. చదువు సంతకం దాకానే. అంత దూరంలో మన యాస వినపడేసరికి మొదటిరోజే ఆయన్ను అన్నా అని పిలిచాను. ఆయన నన్ను తమ్ముడా అన్నాడు. నాలో తప్పు దొరికినప్పుడు మాత్రం "పలక తమ్ముడా" అనేవాడు. మాది మార్కాపురం, పలకల ఊరు కదా, పైగా నేను ఎప్పుడూ ఏదో ఒకటి రాసుకుంటూ ఉండేవాణ్ణి.

మా ఇద్దరికీ ఒక్క విషయంలోనే తగాదా. మన వైపు నీళ్లు దూరం నుంచి తెచ్చుకునే ఆడవాళ్లు బిందెలో ఒక వేప రెమ్మో కానుగ రెమ్మో వేస్తారు. ఆకులు పైన తేలుతుంటే నీళ్లు తొణకవు. ఆయన అక్కడ కూడా అదే పని చేసేవాడు. వెదురు ఆకుల రెమ్మలు విరిచి, మోసుకుపోయే నీళ్ల తొట్లలో వేసేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది.

"ఏంది తమ్ముడా, పామును చూసినట్ల చూస్తాండావు?"

"నీళ్లలో ఆ ఆకులేందన్నా?"

"తొణక్కుండా వేసినా. మీ ఇంట్ల నీళ్లు ఎట్ల తెచ్చుకుంటారు, పెన్సిలుతోనా?"

"ఇది ఇల్లు కాదు గదా. ఆర్డరు ఉంది. తీసెయ్యన్నా."

"తీస్తి లే. తొణికితే సర్కారు నీళ్లు, పడేది సర్కారు నేల. మనకేంది?"

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. మా అమ్మ కూడా ఊరిబయట బావి నుంచి వచ్చేటప్పుడు బిందెలో వేప రెమ్మ వేసేదన్న మాట ఆయనకు చెప్పలేదు. మద్రాసులో చదివి వచ్చాక ఇంట్లో ఆ రెమ్మ కనబడితే నాకు సిగ్గుగా ఉండేది. కాబట్టి రేపు మీరెవరైనా, ఈ ఓవర్సీరుకు ఆ ఆకుల ఉపయోగం తెలియక తీసేశాడు పాపం అనుకుంటారేమో. నాకు తెలుసు. బాగా తెలుసు.

ఆర్డరు ఒక అట్టమీద ఇంగ్లీషులో రాసి చెట్టుకు కొట్టి ఉండేది. అందులో నాలుగో అంశం: ఆకు, కొమ్మ, గుడ్డ, ఏదీ నీళ్లలో ఉండరాదు.

ఇక ఆ రోజు సంగతి. మా నీళ్ల పాయింటు వాగు గట్టు చాటున ఉంది. ఎదురుగా దిబ్బ మీద మా వాళ్ల ప్లాటూను ఒకటి చిక్కుకుపోయింది. గట్టుకూ దిబ్బకూ మధ్య కోసేసిన వరి మళ్లు. చాటు లేని నేల, సరిగ్గా మూడువందల గజాలు. కుడివైపు అడవిలో శత్రువు మిషనుగన్ను. తెల్లవారిన కాసేపటికి మా మీద మోర్టారు గుండ్లు పడ్డాయి. తొమ్మిది గంటలకు నా పుస్తకంలో ఇలా రాసుకున్నాను. కంచరగాడిదలు నాలుగు: మూడు చచ్చాయి, ఒకటి తాడు తెంపుకుని పోయింది. వాటిని తోలేవాళ్లు ఇద్దరు: ఒకడికి తొడలో దెబ్బ, రెండోవాడు వణుకుతున్నాడు. మూతలున్న నీళ్ల డబ్బాలు: అన్నింటికీ చిల్లులు. కిరసనాయిలు డబ్బాలు, పైమూత కోసేసి అడ్డంగా కర్ర కొట్టినవి, వంటవాడివి: రెండు, బాగున్నాయి.

ఇన్ని చావుల మధ్య ఇంత శుభ్రమైన చేతిరాతతో ఎలా రాయగలిగానో ఇప్పుడు ఆ పేజీ గుర్తొస్తే నాకే భయం వేస్తుంది.

దిబ్బ మీదికి టెలిఫోను తీగ ఇంకా తెగలేదు. అవతల మాట్లాడేది దర్శి వైపు మనిషి, లాన్సునాయకు హోదా సిపాయి.

"అన్నా, ఈడ పదకొండు మంది దెబ్బలు తగిలి పడి ఉండారు. నిన్న పొద్దుగూకులప్పుడు తాగిన నీళ్లే. ఒకడు తుపాకి తుడిచే నూనె నాలిక్కి పూసుకున్నాడు. గుళ్లు తర్వాత పంపండి. ముందు నీళ్లు."

నేను ఆ మాట కెప్టెనుకు చెప్పాను. తెల్లాయన. ముఖం పాలిపోయి ఉంది. సాయంత్రం దాకా ఆగుదాం, ఈలోపల సాయం రావచ్చు అన్నాడు. హవల్దారు తనకొచ్చిన హిందుస్తానీలో జవాబు చెప్పాడు. సాయంత్రానికైతే నీళ్లెందుకు సార్, గోతులు తవ్వను గడ్డపారలు పంపితే చాలు, అని. కెప్టెను దిబ్బ వైపు చూసి తల ఊపాడు.

నీళ్లు మోయడం హవల్దారు పని కాదు. మోయించడమే ఆయన పని. ఎవరినైనా వెళ్లమని ఆజ్ఞాపించవచ్చు. ఎవరినీ అనలేదు. వెదురు బొంగు ఒకటి నరికి, చచ్చిన కంచరగాడిద జీను తాళ్లు కోసి, రెండు కిరసనాయిలు డబ్బాలకూ కట్టి కావడి చేశాడు. డబ్బాలు అంచు దాకా నింపాడు. రెండింట్లోనూ వెదురాకుల రెమ్మలు వేశాడు. తర్వాత గట్టు మీద కూర్చుని బూట్లు విప్పసాగాడు. బూట్లతో కావడి నడక రాదట.

నేను డబ్బాల దగ్గర నిలబడి ఉన్నాను. నీళ్ల మీద పచ్చగా ఆకులు. చెట్టుకు అట్ట. ఆ క్షణంలో నా బుర్రలో ఏముందని మీరు అడిగితే నిజంగా చెబుతాను, నాలుగో అంశం ఉంది. చెయ్యి పెట్టి రెమ్మలు తీశాను. నీళ్లు దులిపాను. వాగులో పారేశాను. ఒక పని సరిగా చేసినట్టే అనిపించింది.

ఆయన వచ్చాడు. డబ్బాలు చూశాడు. నన్ను చూశాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, "సరే" అన్నాడు. అంతే. కావడి భుజానికెత్తుకుని, రెండు చేతుల్తో రెండు వైపుల తాళ్లూ పట్టుకుని గట్టెక్కాడు.

రిపోర్టు కోసం టైము రాయమని కెప్టెను నాకు చెప్పాడు. గడియారం చూస్తూ గట్టు పైకి తల ఎత్తాను.

ఆయన నడుస్తున్నాడు.

పరిగెత్తుతాడని అందరం అనుకున్నాం. మొదటి మడి దాటేలోపలే మిషనుగన్ను మొదలైంది. ఆయన కాళ్ల ముందు, వెనక, మట్టి వరసగా లేస్తోంది. ఆయన ఎండాకాలం బావి నుంచి ఇంటికొచ్చే మనిషిలాగా, మోకాళ్లు కాస్త వంచి, ఒకే తూగుతో నడుస్తున్నాడు. మడిగట్టు వస్తే ఆగి, ఒక కాలు పెట్టి, డబ్బాల ఊపు తగ్గాక రెండో కాలు పెడుతున్నాడు. పక్కన కెప్టెను "పరుగు, పరుగు" అని తన భాషలో అరుస్తున్నాడు. ఒక నిమిషం. రెండు. రెండున్నర. మూడో నిమిషం దాటిన తర్వాత ఆయన ఎడమచెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది. ఎడమవైపు డబ్బా గిర్రున ఊగింది.

పడిపోయాడనుకున్నాను. పడలేదు. ఆగాడు. ఆ నడి మళ్లలో, అన్ని తూటాల మధ్య, ఊగుతున్న డబ్బా నిలకడ అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత కుడిచెయ్యి ఒక్కటే తాడు మీద వేసుకుని మళ్లీ నడిచాడు. నేను ఇంతవరకు అలాంటిది ఇంకొకటి చూడలేదు. చూడాలని కూడా లేదు.

మొత్తం నాలుగున్నర నిమిషాలు.

టెలిఫోను మోగింది. "వచ్చినాడన్నా! నీళ్లు వచ్చినాయి! డబ్బాల్లో రెండు వేళ్ల మందం తక్కువ, అంతే. నడుచుకుంటా వచ్చినాడు గదన్నా! మనిషా ఏంది ఈయన?"

కాసేపటికి ఖాళీ డబ్బాలతో ఆయన తిరిగి బయల్దేరాడు. ఈసారి పరిగెత్తాడు. వంగి, వంకర టింకరగా, మేకపోతులాగా గట్లు దూకుతూ ఒకటిన్నర నిమిషంలో మా గట్టు మీద పడ్డాడు. కెప్టెను నా వైపు తిరిగాడు. "ఇంత పరుగు వచ్చినవాడు ఇందాక ఎందుకు నడిచాడు?" అని నన్నే అడిగాడు.

నాకు అప్పుడు తెలిసింది. పోయేటప్పుడు నీళ్లలో ఆకులు లేవు. తెలియదు సార్ అన్నాను.

హవల్దారు ఎడమ మణికట్టు చూడలేనట్టుగా చితికిపోయింది. తలగుడ్డ చింపి, పళ్లతో ముడి బిగించుకున్నాడు. డబ్బాలు మళ్లీ వాగులో ముంచమని నాకు చెప్పాడు. నేను నింపుతుంటే, ఆయన కుడిచేత్తోనే వెదురు రెమ్మలు విరిచి తెచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఈ ఒక్కసారికి ఉండనియ్యి తమ్ముడా. పట్టుకోను చెయ్యి ఒకటే ఉండాది."

నన్ను అనుమతి అడుగుతున్నాడు. హవల్దారు అయ్యుండి, నీళ్ల లెక్కలు రాసే గుమాస్తాని. ఆ గొంతులో వెటకారం ఏమన్నా ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. లేదు. ఆయన చేతిలో రెమ్మలు తీసుకుని నేనే డబ్బాల్లో వేశాను. కావడి ఎత్తి ఆయన భుజాన పెట్టాను. నేను పోతానన్నా అని అనాల్సింది. అనలేదు. కావడి మోయడం రాదన్నది నిజమే కానీ, అందుకు అనలేదని అబద్ధం రాయను. కాళ్లు రాలేదు.

రెండోసారి ఆయన నడవలేదు. కావడి నడకకూ పరుగుకూ మధ్య ఉండే ఆ గునగున పరుగుతో పోయాడు. తూటాలు ఆయన వెనకే పడ్డాయి. రెండు నిమిషాల పది సెకన్లు. ఒక్కటీ తగల్లేదు. దిబ్బ మీదనే ఉండిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి సాయం వచ్చింది. పదకొండు మందిలో పదిమంది ప్రాణాలతో కిందికి దిగారు.

నేను లెక్కల మనిషిని కదా, ఆ రాసుకున్న రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆకులుంటే రెండు నిమిషాల పది సెకన్లు. తూటా తగిలింది మూడో నిమిషం దాటాక. అప్పటికి ఆయన దిబ్బ చాటున ఉండాల్సిన మనిషి. ఈ తీసివేతకు మద్రాసు చదువు అక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. నాలుగో అంశానికి ఒక మంచి కారణం ఉంది. ఆకులాంటివి నీళ్లలో ఉంటే బ్లీచింగు పౌడరు సత్తువను అవి తినేస్తాయి, పురుగు చావదు. అందుకే ఆ నియమం. అయితే ఆ రోజు మా దగ్గర పౌడరు లేదు. రెండు రోజుల ముందే అయిపోయింది. "లేదు" అని పుస్తకంలో రాసింది నేనే. వట్టి వాగు నీళ్లలోంచి, లేని మందును కాపాడటానికి, నేను ఆకులు తీసేశాను.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నియమాల పుస్తకం ఇస్తారు, తీసుకోండి. ప్రతి నియమం పక్కన అది ఎందుకో కూడా రాసుకోండి. ఆ ఎందుకు అన్నది ఇవాళ ఉందో లేదో రోజూ చూసుకోండి. ఇంత తేలికైన మాట నాకు ఎవరూ చెప్పలేదనను. చెప్పే ఉంటారు, నేను నోట్సు రాసుకునే హడావుడిలో విని ఉండను.

నాలుగు రోజుల తర్వాత కెప్టెను హవల్దారుకు పతకం ఇప్పించాలని కాగితం రాయించాడు. టైపు కొట్టింది నేనే. "శత్రువు కాల్పులను లెక్కచేయక, తొందరపడటం తన గౌరవానికి తక్కువ అన్నట్టుగా నిదానంగా నడిచి" అన్న వాక్యాన్ని కెప్టెను రెండుసార్లు చదివించుకుని సంతోషించాడు. తప్పులు లేకుండా కొట్టాను. నకళ్లు మూడు తీశాను. ఒక్క మాట మాట్లాడలేదు. అప్పటికే ఆసుపత్రిలో ఆయన ఎడమచేతిని మణికట్టు పైన తీసేశారు. నా పాయింటు వేరే చోటికి మారింది. అక్కడ ఆయన్ను మళ్లీ చూడలేదు.

పోయిన వేసవిలో గిద్దలూరు వైపు బావులు కొలవడానికి వెళ్లాను. కంభంలో రైలు ఎక్కినప్పటినుంచీ హవల్దారు ఊరి పేరే తలలో తిరుగుతోంది. పని రెండో రోజు పొద్దునే అయిపోయింది. తప్పించుకోవడానికి వేరే కారణం దొరక్క ఆ ఊరికి పోయాను. ఊరి మొదట్లో దుకాణం దగ్గర దారి అడిగితే అక్కడి పెద్దాయన చెయ్యి చూపిస్తూ అన్నాడు: "మిలిటరీ ఆయన ఇల్లా? తుపాకి గుళ్ల మధ్యన పెండ్లికి పోయినట్ల నడిచినాడంట సార్, ఆయనే!"

ఆయన మేకలకు తుమ్మ కొమ్మలు కట్టలు కడుతున్నాడు. తాడు ఒక కొస కాలివేళ్ల మధ్య తొక్కిపట్టి, రెండో కొస కుడిచేత్తో లాగుతూ. నన్ను చూసి తాడు వదిలేశాడు.

"పలక తమ్ముడు! ఏమే, ఎవరొచ్చినారో చూడు! నేను చెప్పలే, వస్తాడని?"

ఆయన భార్య బయటికి వచ్చింది. సన్నటి మనిషి. చెంబు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "తాగు మరిదీ, ఎండన పడి వచ్చినావు" అంది. నేను తాగుతుండగానే ఆయన వైపు చూసి, "అడుగు. అడుగుతా అడుగుతా అంటివి గదా" అంది.

ఆయన నవ్వాడు. "రెండేళ్ల నుంచి ఇదే గొడవ తమ్ముడా. ఊరంతా నడిచినాడు, నడిచినాడు అని పొగుడుతాండారా, ఈమె ఒక్కతే తగులుకుంది."

"మరి తగులుకోనా? కాళ్లు బాగున్నోడివి పరిగెత్తక ఎందుకు నడిచినావు అంటే, డబ్బాల్లో ఆకులు లేవంటాడు. ఎందుకు లేవంటే తమ్ముడు తీసినాడంటాడు. ఎందుకు తీసినాడంటే, పెద్ద చదువు చదువుకున్నోడు ఊరికే తీస్తాడా, ఏందో ఉంటాది అంటాడు. ఏంది మరిదీ అది?"

నేను చెంబు కింద పెట్టాను.

"నువ్వు తీస్తాంటే నేను చూసినా తమ్ముడా, బూట్లు విప్పుతా" అన్నాడాయన. "అడుగుదామనుకుంటి. అడిగితే నువ్వు చెప్పేదానికి పొద్దు పోతాది, దిబ్బ మీద వాళ్లు సస్తాండారు. సరేలే, తెలిసినోడు గదా అని ఎత్తుకుంటి. ఇప్పుడు చెప్పు. ఈమె నోరు మూయించు."

నేను చెప్పాను. నీళ్లలో కలిపే మందు ఉందన్నా, ఆకులుంటే మందు సత్తువంతా వాటికే పోతుంది. పురుగు చావదు. దెబ్బలు తిన్నవాళ్లు ఆ నీళ్లు తాగితే రక్తవిరేచనాలు పట్టుకుంటాయి.

ఆయన కుడిచేత్తో తొడ చరుచుకున్నాడు. "విన్యావా? విన్యావా ఏమే? దెబ్బల మీద విరేచనాలు కూడా పట్టుకునుంటే ఒక్కడు బతికేటోడా? నేను చెప్పలే ఏందో ఉంటాదని!"

ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆమె ఆ మొండి చేతి వైపు చూసింది. పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. "అట్లనా" అంది మెల్లగా. "అయితే పోనీలే. అట్లయితే సరే."

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. చెప్పిందంతా అక్షరాలా నిజం. కానీ నా పుస్తకంలో ఇంకొక వరుస ఉంది. దాన్ని దాచి ఆ ఇంటి మజ్జిగ తాగడం నా వల్ల కాలేదు.

"ఆ రోజు మందు లేదన్నా" అన్నాను. "రెండు రోజుల ముందే అయిపోయింది. నాకు తెలుసు. తెలిసి కూడా తీసినాను. కారణం ఏమీ లేదు."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద అలాగే కొంచెంసేపు ఉండి, మెల్లగా తగ్గింది. నన్ను తిట్టలేదు. కొట్టడానికి రాలేదు. కాలికింద తాడు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, నిజంగా సాయం అడిగే మనిషిలాగా నన్ను అడిగాడు.

"మరి ఈమెకు నేనిప్పుడు ఏం చెప్పాల తమ్ముడా?"

ఆమె మా ఇద్దరి మధ్యనే నిలబడి ఉంది.